పండుగ జరుగుతోందా?

మా సూపర్‌వైజరుకి ఒక్కటే పిచ్చి. పండుగకి సెలవు కావాలని ఎవరడిగినా కాదనడు. అది ఏం పండుగ, మీలో అందరూ చేస్తారా, రుజువేమిటి అని ఆరా తీయడు. నవ్వుతూ సంతకం పెట్టేస్తాడు. పెట్టి, సరిగ్గా పండుగ నాడు ఆ మనిషి ఇంటికి వెళ్లి తలుపు కొట్టి, "ఏమయ్యా, పండుగ జరుగుతోందా?" అని తనిఖీ చేస్తాడు.

మాది ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ. దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గౌన్లు బస్తాలకొద్దీ వస్తాయి. పండుగని చెప్పి జనం జబ్బు పడటం మానరు కాబట్టి మాకు ఏడాది పొడుగునా పనే. అదృష్టం కొద్దీ మాలో నాలుగు మతాల వాళ్లున్నారు. ఒకరి పండుగ నాడు మిగతా వాళ్లు సణుక్కుంటూ రెండేసి మెషిన్లు చూసుకుంటారు. వాళ్ల పండుగ నాడు ఆ సణుగుడు వీళ్లకి బదిలీ అవుతుంది.

నేను అక్కడ గుమాస్తాని. హాజరూ సెలవులూ చూస్తాను. తనిఖీకి వెళ్లిన ప్రతిసారీ ఆయన నన్ను వెంటబెట్టుకు పోయేవాడు.

"నేనెందుకు సార్?" అని మొదట్లో అడిగాను.

"తనిఖీ అంటే ఇద్దరుండాలోయ్. ఒక్కణ్ణే వెళ్తే చుట్టపుచూపు అయిపోతుంది."

ఆ తనిఖీకి ఒక పద్ధతి ఉండేది. ముందు గుమ్మం బయట విడిచిన చెప్పులు చూసేవాడు. కుప్పగా పడుంటే తృప్తిగా తలాడించేవాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి వంటింటి వాసన పట్టేవాడు. లోపలికి వెళ్లాక పిల్లల్ని పిలిచి చొక్కా కాలరు మడత తిప్పి చూసేవాడు. బట్ట కొత్తదా, ఉతికి మడత పెట్టిందా అన్న విషయంలో లాండ్రీ మనిషిని మోసం చేయడం ఎవరి తరం? ఆఖరికి పెట్టింది తిని, "జరుగుతోంది" అని లేచేవాడు. మర్నాడు నేను ఆ సెలవు పక్కన అదే మాట రాసుకునేవాణ్ణి.

ఇంటికి అధికారి వస్తాడంటే ఎవరికైనా చిరాకే కదా. "సెలవు ఇస్తే ఇవ్వాలి, లేకపోతే మానెయ్యాలి. ఈ పోలీసు బుద్ధి ఏమిటి?" అని మా వాళ్లు చాటుగా తిట్టుకునేవారు. ఎదురుగా మాత్రం ఎవరూ నోరెత్తలేదు. ఎత్తితే అసలు సెలవే పోతుందని భయం.

డ్రైయర్ దగ్గర పనిచేసే ఆయన ఒకసారి మా సూపర్‌వైజరుని తక్కువ అంచనా వేశాడు. ఏదో పెద్ద మ్యాచ్ ఉంది, టీవీలో చూడాలి. సెలవుకి కారణం దొరకలేదు. అందుకని ఒక పండుగ పుట్టించాడు.

"మాలో చాలా పాత పండుగ సార్. ఇప్పుడు పెద్దగా ఎవరికీ తెలీదు."

"అయ్యో, అలాంటివే నిలబెట్టుకోవాలయ్యా!" అని మా సూపర్‌వైజరు మురిసిపోయి సంతకం పెట్టాడు.

మేము వెళ్లేసరికి తలుపు వెనక స్టేడియం అంతా అరుస్తోంది. సూపర్‌వైజరు తలుపు కొట్టి, "పండుగ జరుగుతోందా?" అన్నాడు. అరుపులు టక్కున ఆగాయి. గిన్నెలు దొర్లాయి. ఎవరో ఎవరినో "దుప్పటి, దుప్పటి!" అని గసిరారు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇంటాయన మంచం మీది దుప్పటి భుజాన కప్పుకుని నిలబడ్డాడు. భార్య, అత్తగారు, పిల్లలు గదిలో ఒక మూలకి తిరిగి చేతులు కట్టుకుని ఉన్నారు. ఆ మూలలో తువ్వాలు కప్పిన టీవీ ఉంది.

సూపర్‌వైజరు చెప్పులు విడిచి, ఆ తువ్వాలుకేసి తిరిగి భక్తిగా తల వంచాడు. నేనూ వంచక తప్పలేదు. అంతలో పిల్లల్లో ఎవరి చెయ్యి తగిలిందో ఏమో, తువ్వాలు కింద నుంచి "అవుట్!" అని గట్టిగా వినిపించింది.

ఇంటాయన భుజం మీది దుప్పటి జారిపోయింది. అత్తగారు మాత్రం తొణకలేదు. "విన్నారా బాబూ, ఏడాది కష్టాలన్నీ అవుట్ అని అర్థం," అంది.

"చాలా మంచి మాటమ్మా," అన్నాడు మా సూపర్‌వైజరు. ముఖంలో ఒక్క కండరం కదిలితే ఒట్టు.

అంతటితో పోతే బాగుండేది. మరుసటి ఏడాది ఆ రోజు దగ్గరపడగానే మా సూపర్‌వైజరే డ్రైయర్ దగ్గరికి వెళ్లి, "మీ పాత పండుగ వచ్చేస్తోంది, సెలవు అడగవేమయ్యా?" అన్నాడు. వద్దంటే పాత అబద్ధం బయటపడుతుంది. ఆ కుటుంబం మళ్లీ చేసింది. ఆ తర్వాత కూడా చేసింది. ఇప్పుడు పిల్లలు దానికి కొత్త బట్టలు అడుగుతున్నారు, కూతురు అల్లుణ్ణి తీసుకుని వస్తోంది, మొన్నటి ఏడు పక్కవాటా వాళ్లు కూడా చేసుకున్నారు.

స్టోరు కీపరు సంగతి ఇంకో రకం. ఆయన పండుగ నిజమైనదే. వంట కూడా ఘనంగా ఉంది. అయినా సూపర్‌వైజరు ఇల్లంతా కలియజూసి పెదవి విరిచాడు.

"మీ తమ్ముడేడీ?"

"మాకూ వాడికీ మాటల్లేవు సార్. స్థలం గొడవ."

"అన్నదమ్ములు ఒక చోట లేకపోతే అది సగం పండుగ. సగం రోజుకే సెలవు రాయిస్తాను. మిగతా సగం పనికి రా."

స్టోరు కీపరు పళ్లు నూరుతూ వెళ్లి తమ్ముణ్ణి లాక్కొచ్చాడు. ఇద్దరూ ముందు మా సూపర్‌వైజరుని తిట్టుకోవడంలో ఏకమయ్యారు. ఆపైన ఒకే పళ్లెంలో తిన్నారు. నేను పూర్తి రోజు రాసుకున్నాను.

ఇలా సాగుతుండగా మాకు కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు, ప్రతి పనికీ ఎంత సమయం వృథా అవుతోందో చూసి బాధపడే మనిషి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇస్త్రీ విభాగంలో ఒక అమ్మాయి కొత్తగా చేరింది. దూరప్రాంతం నుంచి వచ్చింది. అయినవాళ్లెవరూ ఈ ఊళ్లో లేరు. మా నాలుగు మతాల్లో ఏదీ ఆమెది కాదు. పని ఇంకా ఖాయం కాలేదు. ఒకనాడు బెరుకుగా వచ్చి తన పండుగకి సెలవు అడిగింది. సూపర్‌వైజరు మామూలుగానే సంతకం పెట్టాడు. కాగితం మేనేజరు దగ్గర ఆగిపోయింది.

"ఊరు మొత్తం మీద ఈ పండుగ చేసుకునేది ఈమె ఒక్కతేనట. ఒక్క మనిషి చేసుకుంటే పండుగ ఎలా అవుతుందండీ?" అన్నాడు మేనేజరు.

"అవుతుందో లేదో తనిఖీలో తేలుతుంది సార్," అన్నాడు సూపర్‌వైజరు.

"మంచిది. ఈసారి నేనూ వస్తాను. అక్కడ పండుగ కనిపించకపోతే అబద్ధమాడి సెలవు తీసుకున్నట్టే. అలాంటి మనిషిని ఖాయం చేయను. ఇంటికి పంపేస్తాను."

ఇన్నాళ్లూ ఈ తనిఖీలు నాకు పైసా ఖర్చు లేని భోజనాలు. మొదటిసారి ఒకరి ఉద్యోగం దాని మీద ఆధారపడింది. సూపర్‌వైజరు మాత్రం "తప్పకుండా రండి సార్, ఆ రోజు పొద్దున ఏమీ తినకండి," అని ఊరుకున్నాడు.

ఆ రోజు ముగ్గురం వెళ్లాం. మూడో అంతస్తులో ఒంటిగది. గుమ్మం బయట ఒకే ఒక్క చెప్పుల జత ఉంది. సూపర్‌వైజరు దాన్ని చూసి తలాడించలేదు. వంట వాసన లేదు. మేనేజరు ముఖంలో అప్పుడే తీర్పు కనిపిస్తోంది.

"అమ్మాయ్, పండుగ జరుగుతోందా?"

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నలిగిన బట్టలు, రేగిన జుట్టు, ఏడ్చి ఉబ్బిన కళ్లు. వెనక మంచం మీద పక్క ఎత్తలేదు. మేనేజరుని చూసి ఆమె ముఖం పాలిపోయింది. అబద్ధమైనా చెబుతుందేమోనని నేను ఆశపడ్డాను. డ్రైయర్ ఆయన అత్తగారు అక్కడ ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

"జరగట్లేదండీ," అంది ఆ అమ్మాయి. "పొద్దున్నే లేచి మొదలుపెట్టాను. మా ఇంట్లో అయితే ఈపాటికి నిలబడటానికి చోటుండదు. మాలో ఇంటికొచ్చిన వాళ్లకి పెట్టాకే మనం తినాలి. ఇక్కడ నాకెవరొస్తారు? ఎవరికోసం వండాలో తెలీక పడుకున్నాను."

"చూశారుగా," అన్నాడు మేనేజరు.

"చూశాను సార్. బూట్లు విప్పండి," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎందుకు?"

"ఇంటికొచ్చినవాళ్లం ముగ్గురం ఉన్నాం. ఇంకా తనిఖీ మొదలేకాలేదు. అమ్మాయ్, మీలో ముందు ఏం చేయాలి?"

"ముందు ఇల్లు కడగాలండీ," అంది ఆమె అయోమయంగా.

"ఏమోయ్, బకెట్టు అందుకో," అన్నాడాయన నాతో. "సార్, మీకు కూరగాయలు తరగడం వచ్చా?"

మేనేజరు నోరు తెరిచాడు. పై అధికారి అయ్యుండి రాదన్నా బాగుండదు, వచ్చన్నా తరగక తప్పదు. చొక్కా చేతులు మడిచి కత్తిపీట ముందు కూర్చున్నాడు. నేను గది కడిగాను. సూపర్‌వైజరు పక్క ఎత్తి, దుప్పటి నాలుగు మూలలూ కలిపి మా లాండ్రీ పద్ధతిలో మడత పెట్టాడు. ఆ అమ్మాయి స్నానం చేసి, పెట్టె అడుగు నుంచి మంచి బట్టలు తీసి కట్టుకుని వచ్చింది. వచ్చి మేనేజరు చేతిలో ముక్కలు చూసి నిర్ఘాంతపోయింది.

"ఇవేం ముక్కలండీ! ఇంత లావైతే ఎప్పటికి ఉడుకుతాయి? ఇలా ఇవ్వండి. చూడండి, ఇలా!"

తను ఎవరితో మాట్లాడుతోందో ఆ క్షణంలో ఆమెకి గుర్తు లేదు. మేనేజరుకీ గుర్తున్నట్టు లేదు. "ఇలాగేనా?" అని ఒక్కో ముక్కా ఎత్తి చూపించుకున్నాడు. తర్వాత ఆమె తన భాషలో ప్రార్థన చేసింది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో వాళ్లమ్మని తలుచుకున్నట్టుంది, కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకుంది. మేము బుద్ధిగా కూర్చున్నాం.

వంట నిజంగా బాగుంది. ఆ మాట ఎవరూ అడక్కుండానే మేనేజరు ఒప్పుకున్నాడు. రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు కూడా. రెండోసారి వడ్డించుకున్న వాడు పండుగ జరగలేదని ఏ ముఖం పెట్టుకుని రాస్తాడు? మేమందరం తిన్నాక ఆ అమ్మాయి తన పళ్లెం ముందు కూర్చుంది. నాలుగు ముద్దలు తిని నవ్వింది.

తిరిగి వచ్చేటప్పుడు మేనేజరు ముందు నడుస్తున్నాడు. ఇన్నేళ్లలో నాకు తట్టనిది అప్పుడు తట్టింది. ఇల్లు నిండా జనం ఉన్నచోట మా సూపర్‌వైజరు రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. బాయిలర్ దగ్గర పనిచేసే ఒకాయన ఉన్నాడు, భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు; ఆయన ఇంట్లో మాత్రం "ఇంకా తేలలేదు, ఇంకా తేలలేదు" అంటూ చీకటిపడేదాకా పేకాడాడు.

"సార్, మీరు తనిఖీకి వెళ్లేది ఒంటరిగా ఉన్నవాళ్ల కోసమేనా?" అని అడిగాను.

"నెమ్మదిగా మాట్లాడు," అని విసుక్కున్నాడు. "వాళ్లిళ్లకే వెళ్తే జాలిపడి వచ్చాడనుకుంటారు. సిగ్గుపడి తలుపు తియ్యరు. అందరిళ్లకీ వెళ్తే తిట్టుకుంటారు గానీ, తలుపు తీస్తారు."

ఆ అమ్మాయి పని ఖాయమైంది. ఖాయమైన నాడు ఆమె నేరుగా సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వచ్చి, "మీ పండుగ ఎప్పుడండీ? మీరు సెలవు పెట్టగా ఎవరూ చూడలేదట," అంది.

ఆయన తడబడ్డాడు. మెషిన్లన్నాడు, బస్తాలన్నాడు, ఇంట్లో తనూ అక్కయ్యా తప్ప ఎవరున్నారన్నాడు. వెనకే వచ్చిన మేనేజరు ఆ మాట విని సెలవు కాగితం తనే రాసి, తనే సంతకం పెట్టాడు. "తనిఖీ ఉంటుంది," అన్నాడు.

ఆ రోజు ఇస్త్రీ అమ్మాయి, మేనేజరు, నేను, డ్రైయర్ ఆయన, ఆయన అత్తగారు అందరం కలిసి వెళ్లాం. తలుపు కొట్టే అవసరం రాలేదు. మా సూపర్‌వైజరు ఇస్త్రీ మడత నలగని చొక్కాతో గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఇప్పుడా రావడం? తనిఖీ అంటే ఒక వేళా పాళా ఉండక్కర్లా?" అని మమ్మల్ని కసిరాడు.

లోపలి నుంచి ఆయన అక్కయ్య వచ్చింది. "వాడి మాటలు పట్టించుకోకండి నాయనా, లోపలికి రండి. ఇన్నేళ్లూ అందరిళ్లకీ వెళ్లాడు గానీ మనింటికి ఒక్కడూ తనిఖీకి రాలేదని లోలోపల ఎంత కుళ్లుకున్నాడో నాకు తెలుసు. తెల్లారకముందే లేచి నన్ను లేపి కూర్చోబెట్టాడు," అంది.

"అక్కా, నువ్వూరుకో," అని మా సూపర్‌వైజరు చెవులదాకా ఎర్రబడి, మా చెప్పులు వరసగా సర్దడానికి కిందికి వంగాడు.