నత్తగుల్లల పొర

మొన్న ఆత్మకూరు బస్టాండు వెనక ఇంటి పునాదికి జేసీబీతో తవ్వుతుంటే ఆగి చూశాను. కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, గుంట కనిపిస్తే తొంగిచూడకుండా కాళ్లు కదలవు. గుంట గోడలో జానెడు మందాన నల్లమట్టి, దాన్నిండా బియ్యపుగింజలంత తెల్లటి నత్తగుల్లలు. పక్కనున్న ఇటుకల మీద కూలబడ్డాను.

ఆరేళ్ల కిందట సీతారామపురం వైపు మా అక్క భర్త, మా బావ, తన మెట్టచేలో బావి తవ్వించాడు. ఏ లోతు మట్టిని ఆ లోతుకు వేరే కుప్పగా గట్టు మీద వరసగా పోయించడం ఆయన పద్ధతి. చెమ్మ ఎక్కడ తగిలిందో చూసుకోవడానికట. నా విద్యార్థులు కూడా పొరలను అంత శ్రద్ధగా రాసుకోలేదు. రెండు నిలువుల లోతున నల్లమట్టి పడింది. నేను నిచ్చెన దిగి గుల్లలు చూసి, పాఠం చెప్పే జబ్బు ఆపుకోలేక కేకపెట్టాను. "బావా, ఇది చెరువు అడుగు! ఈ నత్తలు నిలవనీళ్లలోవి. ఇదిగో, తుంగవేళ్ల జాడ. పైనున్న గులకరాళ్లు తర్వాత వరదలు తెచ్చి పోసినవి."

గట్టు మీద బావకు పెదనాయన కొడుకు నిలబడి ఉన్నాడు. ఆ చేను పాత చెరువు నేలనీ, ఊరుమ్మడిదనీ ఏళ్ల తరబడి రచ్చ చేస్తున్న మనిషి. "విన్నారా! సారే చెప్పినాడు చెరువని," అని కూలీల వైపు తిరిగి అరిచి వెళ్లిపోయాడు. ఆ చెరువు వయసెంతో నేను చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు. గుల్లలు ఏరి రుమాల్లో కట్టుకుంటున్నాను.

తెల్లారి బావ బావిలో ఉండగానే ఆ పెదనాయన కొడుకు పదిమందిని వెంటేసుకొచ్చి పూడ్చడం మొదలుపెట్టాడు. వరసగా ఉన్న కుప్పలను పారలతో లోపలికి తోస్తున్నారు. "లోపల నేనుండానురా!" అని బావ అరిచాడు. వాళ్లు ఆగలేదు. "అది వేల ఏళ్ల కిందటి చెరువు! అప్పటికి ఈ ఊరే లేదు!" అని నేనూ అరిచాను. ఎవడో కట్టెతో నా డొక్కలో పొడిచాడు. జన్మలో సుద్దముక్క తప్ప విసరనివాణ్ణి, రాయి తీసి ఆ పెదనాయన కొడుకు మూతి మీద కొట్టాను. పళ్లు విరిగిన చప్పుడు వినబడింది. చెప్పకూడదు గానీ హాయిగా అనిపించింది. అంతలో బావ నిచ్చెనెక్కి గట్టు పట్టుకున్నాడు. ఆ చేతిమీద పార దిగింది. రెండు వేళ్లు తెగి గుల్లల్లో పడ్డాయి. మా అక్క కొడవలి పట్టుకుని మీదికి దూకాకే వాళ్లు పారిపోయారు.

ఉదయగిరి ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టాక బావ అడిగాడు. "అది వేల ఏళ్లదని నీకు నిన్ననే తెల్సునా బామ్మర్దీ?"

"తెలుసు బావా."

"మరి నిన్ననే అనకపోయినావేందిరా."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"ఏంది సార్, కళ్లు తిరిగినాయా?" అంటూ మొన్న బస్టాండు వెనక జేసీబీ డ్రైవరు దిగొచ్చాడు. "లేదబ్బా. అవి వేల ఏళ్ల నాటి నత్తలు," అన్నాను. ఇప్పుడు ఏ గుల్ల కనబడ్డా ముందు దాని వయసే చెబుతున్నాను. మట్టిలో వేల ఏళ్లను చదవడం చదువుకునేటప్పుడే వచ్చింది. ఒక్క పూట ఎంత పెద్దదో మాత్రం బావ చెయ్యి చూశాకే తెలిసింది.