ఆయన పక్కన చోటు

మా పల్లె సమాధుల తోటలో మా ఆయన పక్కన నాకు చోటు ఉండేది. ఆయన పోయినప్పుడు తాపీమేస్త్రీకి నేనే చెప్పాను, ఎడమ పక్క ఒక మనిషి పట్టేంత వదిలి కట్టు, అక్కడికి నేనొస్తానని. అతను ఇబ్బందిగా నవ్వి, అట్లా అనకూడదండి టీచరుగారూ అన్నాడు. అనకూడనిదేముంది? పిల్లలు లేని ఇంట్లో మిగిలిపోయినదాన్ని. చివరికి ఎక్కడికి వెళ్ళాలో తెలిసి ఉండటం నాకో ధైర్యం. ఆ కాస్త నేల మీద గడ్డి మొలిస్తే పీకేదాన్ని, మేకలొచ్చి పడుకుంటే అదిలించేదాన్ని. సొంత ఇంటి వాకిలి కూడా అంత శ్రద్ధగా చూసుకోలేదు.

ఇప్పుడు ఆ తోట చుట్టూ ఇనుప కంచె ఉంది. గేటుకు తాళం, తాళంచెవి పంచాయతీ ఆఫీసులో. నా చోటు పోయింది. ఎవరో లాక్కున్నారని చెప్పుకుంటే కొంత ఊరటగా ఉండేదేమో గానీ, చివర్లో వద్దన్నది నేనే.

మాది సత్తెనపల్లి వైపు, పత్తీ మిరపా పండే నల్లరేగడి ఊరు. ఊరికి ఎడంగా మా క్రైస్తవుల పల్లె. నేను ఆ పల్లెలోని మిషన్ బడిలో టీచర్ని. ఆయన పురుగుమందుల గోడౌన్‌లో పనిచేసేవారు. బస్తాలు దించడం, ఎక్కించడం, కాపలా కాయడం, అన్నీ ఆయనే. గోడౌన్ సమాధుల తోట గోడకు ఆనుకుని ఉండేది. శవాలు పూడ్చే చోటు పక్కన నేల ఎవరూ కొనరు కాబట్టి షావుకారుకి చవగ్గా దొరికింది. అక్కడైతే ఎవరికీ ఇబ్బంది ఉండదని అప్పటి పంచాయతీవాళ్ళు చప్పున ఒప్పేసుకున్నారు. ఆ 'ఎవరికీ'లో మా పల్లె లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం ఆయనకంటే ముందు ఆయన వాసన ఇంటికొచ్చేది. ఘాటుగా, పాతబడ్డ గోనెసంచిలో ఏదో కుళ్ళినట్టు ఉండేది. బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకుని గడప దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చా టీచరమ్మగారూ?" అని అడిగేవారు. స్నానం చేస్తే గానీ రానిచ్చేదాన్ని కాదు. చొక్కా బయట దండెం మీదే వేయించేదాన్ని. ఎంత ఉతికినా, ఎంత రుద్దుకున్నా ఆ వాసన పూర్తిగా పోయేది కాదు. పెళ్ళయిన కొత్తలో తలనొప్పి వచ్చేది. తర్వాత తర్వాత ఆయన పొరుగూరు వెళ్ళిన రోజుల్లో ఆ వాసన లేక నిద్రపట్టేది కాదు.

ఈస్టరు ముందు శనివారం మా పల్లెలో అందరం సమాధులకు సున్నం వేస్తాం. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే కొవ్వొత్తులు పట్టుకుని తోటలోకి వెళ్ళి పాటలు పాడతాం. తెల్లారేసరికి సమాధులన్నీ మల్లెపువ్వుల్లా కనపడాలని అందరి పట్టుదల. అయితే మా నేలలో చెద ఎక్కువ. చాలామందివి చెక్క శిలువలే. ఈ ఏడు పాతితే వచ్చే ఏటికి మొదలు తొలిచేసి ఒరిగిపోయేవి. ఎవరికి ముందు తోచిందో గానీ, సున్నంలో చీమలపొడి కలపడం మొదలుపెట్టారు. గోడౌన్‌లో చిరిగిన బస్తాల నుంచి రాలిన పొడిని మా ఆయన ఊడ్చి, బకెట్లకెత్తి, గోడ మీంచి అందించేవారు. ఎలాగూ పారేసేదే కదా అని షావుకారు ఊరుకునేవాడు. ఆడవాళ్ళం చేతులతోనే కలిపేవాళ్ళం. కలిపాక నా చేతికీ ఆయన వాసనే వచ్చేది. మిగిలింది సమాధి చుట్టూ ముగ్గు పోసినట్టు పోసేవాళ్ళం. మనవాళ్ళను చీమ కూడా ముట్టుకోకూడదు, అంతే మాకు తెలిసింది. పోయినవాళ్ళ మీద బెంగ ఎక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ పోసేవాళ్ళు.

ఆయన పోయేనాటికి ఆ పొడి అమ్మడం ఆపేశారు, గోడౌన్ కూడా మూతపడింది. మా అటక మీద ఆయన దాచిన డబ్బా ఒకటి ఉండిపోయింది. మొదటి ఈస్టరుకి ఆ డబ్బా మొత్తం ఆయన చుట్టూ పోసేశాను. ఆయన జబ్బు దేనివల్ల వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. షావుకారు పోయాడు, గోడౌన్ కప్పు కూలింది, స్థలం పంచాయతీ చేతికొచ్చింది. మొన్నామధ్య అక్కడ ఆరోగ్య కేంద్రం కడదామని పునాదులు తవ్వించారు. అప్పుడే వాన పడింది. ఆ సాయంత్రం నేను పెరట్లో దండెం మీద బట్టలు తీస్తున్నాను. గాలి అటునుంచి వీచింది. ఆయన వాసన. నేను గభాలున గడప వైపు తిరిగి చూశాను. ఇంత వయసొచ్చి, ఇన్ని పాఠాలు చెప్పి, నిజంగానే చూశాను. గడప దగ్గర ఎవరూ లేరు. చేతిలో బట్టలు అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను.

మర్నాడు పునాది కూలీలకు వాంతులు పట్టుకున్నాయి. పంచాయతీ కార్యదర్శి పని ఆపించింది. చిన్న వయసమ్మాయి, గట్టి మనిషి. ఆమె రాసి పంపగా ఎక్కడినుంచో మనుషులు వచ్చి మట్టి తీసుకువెళ్ళారు. గోడౌన్ నేలంతా విషమేనని తేలింది. పక్కనే ఉంది కదా అని సమాధుల తోటలోనూ చూస్తామన్నారు. వాళ్ళు చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు, మూతికి గుడ్డ వేసుకుని వచ్చి, మా ఆయన తల దగ్గర మట్టి చెంచాతో తీసి సీసాలో పోసుకున్నారు. నేను గోడ దగ్గర నిలబడి చూశాను. ఆ పొడి బస్తాల్ని ఆయన ఉత్త భుజాల మీద మోసినన్నాళ్ళూ ఒక్క తొడుగు ఇచ్చిన పాపాన పోలేదు ఎవరూ. ఆయన మట్టయ్యాక మాత్రం ముట్టుకోడానికి అందరికీ భయమొచ్చింది. కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియని కోపం, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బడి వరండాలో గ్రామసభ పెట్టారు. గోడౌన్ నేలకన్నా సమాధుల తోటలోనే కొన్నిచోట్ల విషం ఎక్కువగా ఉందని, మధ్యలో గోడ ఉండగా ఇటు ఎలా వచ్చిందో అర్థం కావడం లేదని కార్యదర్శి చెప్పింది. వెంటనే తలా ఒక మాట అందుకున్నారు. షావుకారు పాడైన బస్తాల్ని దొంగచాటుగా తోటలో పాతించి ఉంటాడని ఒకరంటే, ఆ రోజుల్లో ట్రాక్టరు చప్పుడు విన్నామని మరొకరు అన్నారు. చచ్చినవాడు జవాబు చెప్పడు కదా. సరే, అయితే బస్తాలు ఎక్కడున్నాయో తెలియాలంటే సమాధుల మధ్య తవ్వించి చూడాలి, వేరే దారి లేదంది ఆ అమ్మాయి. పల్లెవాళ్ళందరూ తలలు దించుకున్నారు. బకెట్లు అందుకున్న చేతులన్నీ అక్కడే ఉన్నాయి.

నేను లేచాను.

"బస్తాలేం లేవమ్మా. మేమే పోశాం. ప్రతి ఈస్టరుకీ సున్నంలో కలిపి, మా చేతులతో మేమే పోశాం. మా ఆయన ఇచ్చారు, నేను కలిపాను. వాళ్ళని తవ్వొద్దు."

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని వెనకనుంచి ఒకావిడ గొణిగింది. మరీ అంత మొహమాటం లేకుండా ఏంటి టీచరుగారూ అని ఇంకొకరు. కార్యదర్శి మాత్రం కాసేపు నా చేతుల వంక చూసి, తవ్వం అంది. తర్వాత ఏం చేస్తారో నిదానంగా చెప్పింది. ఎవర్నీ కదపరు. తోట మొత్తం మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, మీద బంకమట్టి వేసి తొక్కిస్తారు. చుట్టూ కంచె కడతారు. ఇకమీదట అక్కడ గడ్డపార దిగకూడదు. పోయినవాళ్ళ కోసం రోడ్డవతల పోరంబోకులో కొత్త స్థలం ఇస్తారు.

చివరి మాటలు నాకు సరిగా వినపడలేదు. గడ్డపార దిగకూడదు అన్న దగ్గరే ఆగిపోయాను. వాళ్ళను కాపాడుకోబోయి నా చోటు పోగొట్టుకున్నానని ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే తెలిసింది. ఆ రాత్రి అన్నం వండుకోలేదు.

కొత్త స్థలానికి నాలుగు వైపులా రాళ్ళు పాతారు గానీ అక్కడికి ఎవరూ వెళ్ళలేదు. మా పల్లెలో ఒక నమ్మకం ఉంది. కొత్త తోటలో మొదట పడుకున్నవాళ్ళకు ఇంకొకరు వచ్చేదాకా తోడుండదంటారు. బైబిల్లో ఎక్కడా లేదని అయ్యగారు చర్చిలో ఎన్నిసార్లు చెప్పినా ఎవరి భయం వాళ్ళది. ఆ మధ్య ఒక పెద్దాయన పోతే, ఆయన కొడుకులు శవాన్ని వ్యాన్‌లో పొన్నూరు దాకా తీసుకెళ్ళి, అల్లుడి ఊళ్ళో పూడ్చి వచ్చారు. నాన్నని ఒంటరిగా వదల్లేకపోయాం టీచరుగారూ అని నాతో చెప్పుకున్నారు. నేను తలూపాను. నన్ను ఏ ఊరికి తీసుకెళ్ళడానికీ ఎవరూ లేరు.

అప్పుడు సిగ్గు విడిచి సర్పంచి గారింటికి వెళ్ళాను. అతను నా దగ్గరే ఓనమాలు దిద్దుకున్నాడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నా సంగతి విని, గొంతు తగ్గించి అన్నాడు.

"రూలు ఊరికి టీచరుగారూ, మీక్కాదు. కాలం వచ్చినప్పుడు ఒక మూల పట్టా కోయిస్తాను. ఆయన పక్కనే పెట్టిస్తాను. పూచీ నాది."

దారంతా నేల మీద నడవలేదు నేను. సమాధులు తవ్వే మనిషి ఇల్లు దారిలోనే ఉంటే అతనికీ చెప్పి వెళదామని ఆగాను. ఏళ్ళ తరబడి మా పల్లెలో ఎవరు పోయినా అతనూ అతని తమ్ముళ్ళూ తవ్వుతారు. విషయం చెబితే, మీకు తవ్వకపోతే ఇంకెవరికి తవ్వుతానండీ అని నవ్వాడు. మిరప కల్లం నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటున్నాడు. మడమలు పగిలి, వేళ్ళ సందుల్లో ఎర్రగా ఉన్నాయి. గొయ్యిలోకి ఎప్పుడూ చెప్పులతో దిగరు మా వాళ్ళు. నడుం లోతు వచ్చేసరికి ఒంటిమీద చొక్కా కూడా ఉండదు. అందులో పడుకోబోయేవాళ్ళకు ఇచ్చే గౌరవం అది. పైకొచ్చాక పల్లె పల్లెంతా, చంకలో పిల్లలతో సహా, ఉత్త చేతులతో పిడికెడు మట్టి వేస్తారు.

నేను ఆ కాళ్ళనే చూస్తూ నిలబడ్డాను. మా ఆయన కాళ్ళు కూడా అలాగే ఉండేవి. ఏమైందండీ అని అతను అడిగితే ఏం లేదని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆయన ఫొటో ముందు కూర్చుని దెబ్బలాడాను. ఎదురు చెప్పరు కదా, ఇష్టమొచ్చినట్టు తిట్టాను. నన్ను ఇంత పిచ్చిదాన్ని చేసి మీ దారిన మీరు పోయారన్నాను. ఆయన మీదికి ఏం పోసి పంపానో తెలిసీ, ఆయన పక్కన చేరడం కోసం ఇంకో నలుగురిని అందులోకి దించనా? నాకు చేతకాలేదు. మర్నాడు పొద్దున్నే సర్పంచికి చెప్పాను, పట్టా కోయించొద్దు, నన్ను రోడ్డవతల పెట్టండని. అతను కాదనబోయి, నా ముఖం చూసి సరేనన్నాడు. అయ్యగారికి కూడా చెప్పాను, కొత్త తోటలో మొదటిదాన్ని నేనే అవుతాను, ఇక ఎవరూ తమ వాళ్ళను పొరుగూళ్ళకు మోసుకెళ్ళక్కర్లేదని. అయ్యగారు ప్రార్థన చేశారు. పెద్ద త్యాగం చేశారమ్మా అన్నారు. త్యాగం చేసినవాళ్ళకు మనసు తేలికపడుతుందంటారు. నాకేం తేలికపడలేదు. మా ఆయన పక్కనే ఉండాలని నాకు ఇప్పటికీ ఉంది.

ఈ ఏడు ఈస్టరు ముందు శనివారం పల్లెలో ఎవరికీ పని లేదు. సున్నం వేయడానికి సమాధులు కనపడితే కదా, అన్నీ బంకమట్టి కింద ఉన్నాయి. అయినా నేను పొద్దున్నే బకెట్లో సున్నం నానేసి, కుంచె పట్టుకుని రోడ్డు దాటాను. కొత్త స్థలంలో తుమ్మ మొక్కలు, పంచాయతీవాళ్ళు పాతిన నాలుగు రాళ్ళు, అంతే. అక్కణ్ణించి చూస్తే కంచె కనపడుతుంది. కంచెకు దగ్గరగా ఉన్న రాయి చూసుకున్నాను. నా చోటు అదేనని తవ్వే మనిషికి ముందే చెప్పి ఉంచాను.

రాయికి వేద్దామని సున్నంలో చెయ్యి పెట్టి కలిపాను. కలిపిన చేతిని పాత అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఉత్త సున్నం వాసన వచ్చింది. ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూశాను. అంతే, సున్నమే. ఆ రాయి పక్కన కూర్చుని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను. తర్వాత లేచి రాయికి సున్నం వేసి ఇంటికొచ్చాను.