మావయ్య ఫిక్స్‌డ్ ప్రైస్

మొన్న విశాఖలో ఒక పెద్ద బట్టల షాపులోకి అడుగు పెట్టగానే గంజి పెట్టిన కొత్త నూలు వాసన తగిలింది. మూడో అంతస్తులో చీర చూపిస్తూ, "మీలాంటి పాత కస్టమర్లకి స్పెషల్ డిస్కౌంట్ మేడమ్" అంది అక్కడి అమ్మాయి. పాపం ఆ పిల్ల తప్పేమీ లేదు గానీ, నాకు ఒళ్ళు మండింది.

అరవైల చివర మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. వానలు వెనకపట్టేసరికి గుంటల్లో నానేసిన గోగుకట్టల కంపు ఊరంతా కమ్ముకునేది. అమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నార తీసేది, పండక్కి పాకుండలు వండి పెట్టినా ఆ చేతుల్లో అదే వాసన. ఆ నార డబ్బులతోనే దసరాకి విజయనగరంలో మావయ్య కొట్లో ఏడాదికొక్క చీర కొనుక్కునేది. మావయ్య అమ్మకి సొంత అన్న.

అమ్మ బేరం చూసి తీరాల్సిందే. ధర వినగానే మూతి విరిచి లేచేది, కొట్టు ముందు మెట్లు రెండు దిగి మూడో మెట్టు మీద చెప్పుల కోసం వెతుకుతున్నట్టు నిలబడేది. "ఒసే, రాయే" అని లోపలినుంచి మావయ్య పిలిచేవాడు. ధర తగ్గేది, కొసరుగా జాకెట్టు ముక్క కూడా వచ్చేది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మావయ్య కొట్టుకి "ఫిక్స్‌డ్ ప్రైస్" అని కొత్త బోర్డు పెట్టాడు. దసరా సెలవుల్లో నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకుని, పకోడీలు పెట్టి, ఫిక్స్‌డ్ ప్రైస్, డిస్కౌంట్, క్లియరెన్స్ సేలు అని ఇంగ్లీషు మాటలు నేర్పాడు. నేను అప్పజెబుతుంటే "పిల్ల దొరసాని నాగ మాటాడతంది" అని వచ్చినవాళ్ళు మురిసిపోయేవారు. ఆ ఏడు అమ్మ ఆకుపచ్చ అంచు చీర పట్టుకుని బేరానికి నోరు తెరవబోతే, "ఫిక్స్‌డ్ ప్రైసమ్మా, ఎవులికైనా ఒకటే రేటు" అన్నాను గొప్పగా. మావయ్య నవ్వుతూ తల ఊపాడు. సొంత అన్న మాట కదా, అమ్మ నమ్మి కొంగుముడి విప్పి అడిగినంతా ఇచ్చేసింది, కొసరు కూడా అడగలేదు.

అమ్మ ఇంకా అక్కడుండగానే ఒక ఆఫీసరుగారి భార్య వచ్చి అలాంటి చీరే తీయించింది. ధర ఎక్కువంటూ లేచింది. మావయ్య ఆవిణ్ణి వెనక్కి పిలిచి, ధర తగ్గించి, పైన జాకెట్టు ముక్క పెట్టి పంపాడు.

"మరి బోర్డేటన్నియ్యా?" అంది అమ్మ మెల్లగా.

"ఆవిడకి తగ్గించకపోతే పక్క కొట్టుకెల్లిపోద్ది. మనోళ్ళెక్కడికెల్తారే?"

అమ్మ చీర చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. దారంతా ఏడ్చింది నేనే. మా అమ్మని మోసం చెయ్యడానికి ఆయనకి నా నోరే దొరికింది. అందుకు మావయ్యని ఇవాళ్టికీ క్షమించలేదు.

మరుసటి దసరాకి అమ్మ ఆ మూడో మెట్టు దాటి పైకి ఎక్కలేదు.

"అక్కడ నిలబడిపోయావేటే? లోపలికి రాయే" అన్నాడు మావయ్య.

"ఈయేడు నాను బయటిదాన్నన్నియ్యా. ఎంత తగ్గిస్తావో సెప్పు."

మావయ్య చుట్టూ ఉన్న జనాన్ని చూసి, నవ్వలేక నవ్వి, గల్లాపెట్టె వెనక్కి పోయాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నా అమ్మ అక్కడే చాలాసేపు నిలబడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్క కొట్టుకి నడిచింది.

ఇప్పుడు మా ఊళ్ళో గోగు లేదు, అమ్మా లేదు, మావయ్యా లేడు. బేరమాడితే నవ్వుతారు, కొసరంటే ఏమిటో ఆ షాపు అమ్మాయికి తెలియదు. చీర వదిలేసి ఎస్కలేటర్ ఎక్కాను. దిగుతూ దిగుతూ, అమ్మలాగే ఒకచోట ఆగబోయాను. ఆ మెట్లు ఆగనివ్వలేదు. వెనకనుంచి ఎవరూ పిలవలేదు.