బస్తా మధ్యలో చెయ్యి

పెళ్లయిన వారానికే, వినుకొండలో మా అత్తగారింట్లో జరిగిందిది. ఫొటోగ్రాఫర్ వచ్చి, "ఫొటోలన్నీ క్లౌడ్‌లో పెట్టేసి రెండిళ్లవాళ్లకీ లింకు పంపానండి. ఇక కెమెరా కార్డు ఖాళీ చేసేస్తా, సాయంత్రం ఇంకో పెళ్లుంది" అన్నాడు. మొదటి నాలుగు ఫొటోలు చూసి అందరూ మురిసిపోయారు.

"ఆగండి!" అన్నాను.

"కొత్తకోడలివి, నీకెందుకమ్మా?" అని అత్తగారు గుడ్లురిమారు.

మా నాన్న గుంటూరులో మిర్చి వ్యాపారి. బస్తా మూతి దగ్గర కాయలు చూసి ఏనాడూ కొనలేదు, మధ్యలోకి చెయ్యి పెట్టి తీసి చూస్తారు. ఆ మాటే అత్తగారికి చెప్పి, నేనూ ఫోల్డరు మధ్యలో ఒక ఫొటో తెరిచాను. ఉత్త బూడిదరంగు, బొమ్మే లేదు! పక్కవీ అంతే. జీలకర్ర-బెల్లం లేదు, తలంబ్రాలు లేవు. ఫొటోగ్రాఫర్ గబగబా, ఇంకా ఖాళీ చెయ్యని కార్డులోంచి అన్నీ మళ్లీ ఎక్కించాడు.

ఇప్పుడు ఎవరైనా "అంతా బానే ఉందండీ" అంటే చాలు, మా అత్తగారే అంటారు: "ఉండండి, మా కోడల్ని ఓసారి చెయ్యి పెట్టి చూడనివ్వండి!"