రెండో అంతస్తులో చెక్కముక్క

బాయ్ మాన్‌థాంగ్‌ది నోటిదురుసు. చైనాలోని షాన్షీలో మా ఊరి చెక్కగోపురం మరమ్మతుల్లో నలభై ఏళ్లు ఆయన పక్కనే రంపం పట్టినవాణ్ణి, నాకు తెలీదా! నేను అతికిన చెక్కల మధ్య పంది దూరుతుందని అందరిముందూ అనేవాడు. ఆయన అతికితే దారప్పోగు కూడా దూరదు. ఆ గర్వమే ఒకసారి కొంప ముంచింది.

అప్పటికి ఆయనకి ముప్ఫై ఏళ్లు. రెండో అంతస్తు వాయవ్య మూల స్తంభం మీద దూలాల మధ్య వేలు పట్టేంత సందు కనబడింది. గురువు యువాన్‌గారిని అడక్కుండానే అందులో గట్టి చెక్కముక్క దిగగొట్టేశాడు. తొమ్మిది వందల ఏళ్లుగా ఆ గోపురం నిలబడిందే అలాంటి సందుల వల్ల. గాలొచ్చినా భూమి కదిలినా దూలాలు కాస్త జరిగి, మళ్లీ సర్దుకుంటాయి. ఆ వసంతంలో వీచిన ఇసుకగాలికి పక్కదూలం నిలువునా చీలింది.

గురువు చీలికను తడిమి చూశారు. "దాన్ని కదలనియ్యాల్రా, బిగిస్తే విరుగుద్ది" అన్నారు. తిట్టలేదు. సరైన ఊతాలు లేకుండా చెక్క తీస్తే మరింత ప్రమాదమని అలాగే ఉంచేశారు.

బాయ్‌కి డెబ్బై ఒకటి నిండిన ఏడు గోపురం మరమ్మతుకి నగరం నుంచి ఇంజనీర్లు వచ్చారు. ఉత్తమ వడ్రంగి బిరుదు ఆయనకి మరో పదిరోజుల్లో ఇస్తారనగా సమావేశం పెట్టారు. ఇంజనీరమ్మ చూ లాన్ పాత మరమ్మతుల పుస్తకం తెరిచి, వాయవ్య మూలన చెక్క దిగగొట్టింది యువాన్ అని చదివింది. గురువు తన పేరే రాసుకున్నారని మాకు ఆ రోజే తెలిసింది. ఆయన పోయి పాతికేళ్లయింది. పాతకాలం మేస్త్రీ, తెలియక చేసుంటాడని ఆమె నెమ్మదిగానే అంది.

బాయ్ నోరు మూసుకుంటే బాగుండునని నాకు అనిపించింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

ఆయన లేచాడు. "మా గురువుకి తెలియకపోవడమేంటమ్మా? అది కొట్టింది నేను. ఆయన్నడగలేదు."

బిరుదు సంగతి ఆలోచించుకోమని ఎవరో గొణిగారు. ఆయన కలం అడిగి పుచ్చుకుని, గురువు పేరు కింద తన పేరు రాశాడు.

బిరుదు వేరేవాళ్లకి పోయింది. చెక్క తీసే పని మాత్రం చూ లాన్ ఆయనకే అప్పజెప్పింది. దూలాలకి ఊతాలు పెట్టి తీసేసరికి మధ్యాహ్నమైంది. ముక్క బయటికి రాగానే పైదూలం కిర్రుమని సర్దుకుంది. బాయ్ స్తంభానికి నుదురు ఆనించాడు.

"తీసేశానండీ, గురువుగారూ" అన్నాడు.

నలభై ఏళ్లలో ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.