ఎలుకకు గేట్ పాస్

సౌదీలో, దమ్మామ్‌లో మా క్యాంపు స్టోరు నా చేతిలో ఉండేది. పాత టైరు గానీ, పగిలిన కుళాయి గానీ, ఏం బయటికి పోవాలన్నా నేను గేట్ పాస్ రాయాలి, గేటు దగ్గర పాకిస్తానీ గార్డు దాన్ని చూసి వదలాలి. పాస్ లేకుండా చెత్తబుట్ట కూడా కదలదు. అందుకని నేను ఒక ఎలుకకు గేట్ పాస్ రాశానంటే పడీపడీ నవ్వేవాళ్లు, ముందు ఆ గేటు దగ్గర ఒక్క రోజు నిలబడి చూడాలి.

మెస్సులో ఎలుక దూరింది. మామూలు ఎలుకే. కానీ మా క్యాంపు నడిచేది ఒక విదేశీ కంపెనీ కాంట్రాక్టు మీద, ఆ కాంట్రాక్టులో ఎలుకల విషయంలో వాళ్ల దేశపు చట్టమే పాటించాలని రాసుకున్నారు. ఆ చట్టాన్ని చదివినవాడు క్యాంపులో ఒక్కడే, మా సేఫ్టీ ఆఫీసరు. ఏలూరు వైపు మనిషి, మర్యాద ఎక్కువ. మా వంటవాడు బజారు నుంచి తీగ పడి ఎలుకను కొట్టే చెక్క బోను కొనుక్కొస్తే చేతిలోంచి లాక్కున్నాడు.

"ఇది వాడకూడదండీ. దెబ్బ సరిగ్గా పడకపోతే ఎలుక బాధపడుతుంది కదా?"

"బాధపడాలనే గద సార్ కొన్నది!" అన్నాడు వంటవాడు.

తర్వాత ఆ చట్టం ఒప్పుకున్న స్ప్రింగు బోను విమానంలో వచ్చింది. ఎలుక క్షణంలో, ఏ బాధా లేకుండా పోతుందట. చూడ్డానికి పెళ్లికి పెట్టే వెండి సామానులా తళతళలాడుతోంది. దాన్ని సొరంగంలాంటి పెట్టెలోనే పెట్టాలి. స్వేచ్ఛగా తిరిగే ఎలుక మీదే వాడాలి. లైసెన్సున్న మనిషే దాన్ని ఎక్కుపెట్టాలి. ఆ మనిషి ఎక్కడో ఖమీస్ ముషైత్‌లో ఉన్నాడు, ఎప్పుడొస్తాడంటే ఇన్షా అల్లా అన్నాడు. కాబట్టి బోను సేఫ్టీ ఆఫీసరు బీరువాలోకి పోయింది, ఎలుక బాస్మతి బస్తాలోకి పోయింది.

మా వంటవాడి సంగతి చెప్పాలి. జగిత్యాల పక్క మనిషి, ముప్పయి దాటాయి. గల్ఫ్ పిల్లగాడికి సెలవు దొరకదని రెండు సంబంధాలు ఇప్పటికే తప్పిపోయాయి. మూడోది కుదిరింది, లగ్నం పెట్టుకున్నారు, వచ్చే శుక్రవారమే పెళ్లి. సెలవు మీద పోవాలంటే మెస్సును శుభ్రంగా అప్పజెప్పాలి. ఎలుక ఉంటే అప్పజెప్పినట్టు కాదు. దాంతో వాడు మా ఊళ్లలో అందరూ చేసేదే చేశాడు. నూనె డబ్బాను కోసి బోను చేసి, లోపల ఉల్లిగడ్డ పకోడి కట్టాడు. మధ్యాహ్నానికల్లా ఎలుక లోపల కూర్చుని పకోడి తింటోంది.

మా దగ్గరైతే బోను పట్టుకుపోయి చెలకల్లో వదిలేసి వస్తాం, కథ అక్కడికి సరి. వీడు మాత్రం బోను చంకలో పెట్టుకుని తిన్నగా నా స్టోరుకొచ్చాడు.

"అన్నా, ఎడారిల ఇడిచిపెట్టి వస్త. జర గేట్ పాస్ రాసియ్యి."

రాసిచ్చాను. వస్తువు: ఎలుక. సంఖ్య: ఒకటి. తిరిగి వచ్చేది కాదు. తీసుకుపోయేవాడి పేరు దగ్గర వాడి పేరు.

గార్డు ఆ పాస్‌ను రెండు వైపులా చదివి, సేఫ్టీ స్టాంపు లేదన్నాడు. సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు, బోను చూశాడు, తల పట్టుకున్నాడు.

"పట్టిన ఎలుకను వదలడం నేరమండీ."

"అయితే చంపుతం సార్."

"లైసెన్సు లేకుండా చంపడం నేరమండీ."

"మీ వెండి బోన్ల ఏద్దం."

"అది స్వేచ్ఛగా తిరిగే ఎలుకకే. ఇది ఇప్పుడు బందీ కదా."

"అయితే మెస్సుల ఇడిచిపెట్టి మళ్ల పట్టుకుందం!"

"చెప్పాను కదండీ, వదలడం నేరం."

నాకు ఒళ్లు మండింది. "సార్, ఈ ఎలుక ఏం చేస్తే మీ చట్టానికి సంతోషం?" అన్నాను. ఆయన పాపం నిజంగానే ఆలోచించాడు. లైసెన్సు మనిషి వచ్చేదాకా నీడలో ఉంచి, రెండు పూటలా తిండీ నీళ్లూ పెట్టాలన్నాడు. ఎవరి పేరు మీదుంటే వాళ్లు క్యాంపు దాటకూడదన్నాడు. వంటవాడి పేరేమో పాస్ మీద నా చేతిరాతతో ఉండనే ఉంది.

మెస్సులో పెట్టకూడదు, బయట ఎండకు చస్తుంది. కాబట్టి ఎలుక మా ఏసీ గదిలోకొచ్చింది. వంటవాడు దానికి ఖుబూస్ రొట్టె తుంచి పెడుతూ ఊరికి ఫోన్లు చేస్తున్నాడు. గదిలో అందరం సలహాలిచ్చాం. వీసా తిప్పలని చెప్పు, జ్వరమని చెప్పు అన్నాం. వాడు సత్యహరిశ్చంద్రుడిలా కాబోయే మామకు ఉన్నదున్నట్టు చెప్పాడు. స్పీకర్లో మామ గొంతు గదంతా వినిపించింది.

"కేసు ఏమన్న అయ్యిందా బిడ్డా? జైల్ల ఉన్నవా?"

"లేదు మామా, ఎలుకే."

ఫోన్ కట్ అయింది. మూడో సంబంధమూ పోయినట్టేనని వాడు మంచం మీద కూలబడ్డాడు. ఎవరైనా పేరు మార్పించుకుని ఎలుకను తీసుకుంటే వాడు పోవచ్చు. కానీ తీసుకున్నవాడి సెలవు ఆగిపోతుంది. గదిలో ఒకడు గోడకేసి చూశాడు, ఒకడు చెప్పులు వెతికాడు. నా సెలవు వచ్చే నెల, నేనూ ఫ్యాను వైపు చూశాను.

మర్నాడు పెళ్లికూతురే ఫోన్ చేసింది. వాడు మెస్సులో పిండి కలుపుతున్నాడు, ఫోన్ గదిలో ఉండిపోతే నేనే ఎత్తాను.

"నాయిన అవద్దమంటున్నడు. ఎలుకను చూపియ్యుండ్రి."

చూపించాను. ఎలుక కూడా ఎటూ కదలకుండా ఫోన్ వైపే చూసింది. ఆ పిల్ల నవ్వలేదు.

"దీన్ని ఎవ్వలూ తమ పేరు మీద రాసుకుంటలేరా? గంత మంది ఉండి?"

మేమంతా మళ్లీ ఫ్యాను వైపు చూశాం.

"అయితే నా పేరు రాయిండ్రి. నేనే సంతకం పెడ్త."

సిగ్గుతో నాకు చెమటలు పట్టాయి. జగిత్యాలలో కూర్చున్న పిల్ల దమ్మామ్ ఎలుకకు పూచీ పడతానంటోంది, ఎదురుగా ఉన్న మేము ఫ్యాన్లు చూస్తున్నాం! "ఎందుకమ్మా, నేను సచ్చిన్నా?" అని అరిచాను. అదే కోపంతో పోయి సేఫ్టీ ఆఫీసరు బల్ల మీద ఎలుకను నా పేరుకు మార్పించి సంతకం గీకాను. ఆయన "థాంక్యూ అండీ" అన్నాడు. వంటవాడు ఆ సాయంత్రమే విమానమెక్కాడు.

శుక్రవారం మాకు సెలవు. మిగతావాళ్లు బయట తినడానికి పోయారు, క్యాంపు దాటకూడదు కాబట్టి గదిలో నేనూ ఎలుకా ఉన్నాం. లైసెన్సు మనిషి ఇంకా ఇన్షా అల్లా దగ్గరే ఉన్నాడు. వంటవాడు లేడు కాబట్టి మెస్సులో పొయ్యి వెలగలేదు. డబ్బాలో ఖుబూస్ ఒక్కటే మిగిలితే రూలు ప్రకారం ఎలుకకు పెట్టి, నేను నల్ల చాయ్ తాగి కూర్చున్నాను. అప్పుడు పెళ్లి పందిట్లోంచి వీడియో కాల్ వచ్చింది. తలనిండా తలంబ్రాలతో వాడు.

"అన్నా, ఎలుక తిన్నదా?"

"తిన్నదిరా! నువ్వు ముందు పెళ్లి సంగతి చూస్కో!"

వాడి పక్క నుంచి ఆ పిల్ల ఫోన్ తన వైపు తిప్పుకుంది. బ్యాండు మోతలో గట్టిగా అడిగింది.

"అన్నా, మరి మీరు తిన్నరా?"

తిన్నానమ్మా అని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. ఎలుకకు రెండు పూటలా తిండి పెట్టాలని చట్టముంది. నన్ను అడగమని ఆ పిల్లకు ఎవరు చెప్పారు?