హైపోనా, హైపరా?

నా చిన్నతనంలో మేము తార్నాకలో ఒక మేడమీది వాటాలో ఉండేవాళ్ళం. మా నానమ్మకు షుగర్. ఒక శనివారం పొద్దున్నే ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసుకుంది కానీ, ఒక్కపొద్దు అని ఏమీ తినలేదు. అమ్మానాన్నలు పెళ్ళికని మౌలాలి వెళ్ళారు. ఇంట్లో నేను, నానమ్మ, యూనివర్సిటీలో చదువుకునే మా బాబాయి మిగిలాం.

మధ్యాహ్నం నానమ్మ నన్ను పిలిచింది. నా పేరుతో కాదు, ఎప్పుడో చనిపోయిన మా మేనత్త పేరుతో. చీర చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. గది మూలకేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతోంది. భయపడి బాబాయిని కేకేశాను.

బాబాయి కిందికి పరుగెత్తి, కిరాణా కొట్లోంచి డాక్టరుకు ఫోన్ చేసి వచ్చాడు. "హైపర్ అన్నడు. షుగర్ బాగ పెరిగినట్టున్నది" అంటూ సూదిలోకి మందు ఎక్కించాడు. నానమ్మ చెయ్యి కదలకుండా పట్టుకోమన్నాడు నన్ను. పట్టుకున్నాను.

అప్పుడే క్యాంపస్ నుంచి వస్తున్న పక్క వాటా అక్క, తెరిచిన తలుపులోంచి మమ్మల్ని చూసి లోపలికి వచ్చింది. వాళ్ళ నాన్నకూ షుగరే. నానమ్మ నుదురు తాకగానే, "ఆగన్నా! డాక్టర్ ఏమన్నడు? హైపోనా, హైపరా?" అంది.

"గా రెండు ఒకటే కాదా?" అన్నాడు బాబాయి. ఆ మాట అంటూనే అతని ముఖం పాలిపోయింది.

అక్క సూది లాక్కుని, బాబాయిని మళ్ళీ ఫోన్ దగ్గరికి తరిమింది. నానమ్మను లేపి కూర్చోబెట్టి, చక్కెర నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. బాబాయి తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. డాక్టరు చెప్పింది హైపోనట. ముగ్గురం నానమ్మ ముఖమే చూస్తూ కూర్చున్నాం. చివరికి ఆమె నా వైపు తిరిగి, నా పేరు పెట్టి పిలిచి, "ఏందే, గట్ల జూస్తున్నరు?" అంది. బాబాయి గోడకు ఆనుకుని ఏడ్చాడు.

సాయంత్రం అక్క నన్ను మెట్లమీద కూర్చోబెట్టుకుంది. "హైపోల 'పో' ఉన్నది సూడు, షుగర్ పోయిందన్నట్టు. హైపర్ అంటే పెరిగింది. షుగర్ పోయినోళ్ళకు గా సూది ఇచ్చినమనుకో, మనిషే పోతది" అంది.

ఇప్పుడు నాకూ షుగర్ ఉంది. ఆసుపత్రిలో ఎవరు ఏ ఇంగ్లీషు మాట అన్నా మళ్ళీ చెప్పించుకుంటాను. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు, ఈ ముసలామెకు ఇంగ్లీషు రాదని నవ్వేవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ మాటేదో తేలేదాకా సూదిని ఒంటికి తాకనివ్వను.